కడప ఎండల్లో బాల్ పైథాన్ పొదుగు: మట్టి గోలెంలో అరవై రోజుల డైరీ

గుడ్లు పెట్టగానే తల్లి చుట్ట విప్పి, గుడ్లు తీసి, వర్మిక్యులైట్ (తేమ పట్టి ఉంచే ఖనిజపు పలుకులు) నింపిన డబ్బాలో సర్ది ఇంక్యుబేటర్‌లో పెట్టడం బాల్ పైథాన్ అనే ఆఫ్రికా కొండచిలువను పెంచేవాళ్ళలో ఎక్కువమంది చేసే పనే. 31-32 డిగ్రీల దగ్గర 55 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. ఈ డైరీ ఆ పద్ధతిది కాదు. ఇందులో గుడ్లు తల్లి చుట్టలోనే ఉంటాయి, పొదుగు మొత్తం దానిదే. మన వంతు గది, పాత్ర, నీళ్ళు.

కడపలో ఈ పని పెట్టుకుంటే చలిదేశాల లెక్కలు తలకిందులవుతాయి. వాళ్ళ పద్ధతుల్లో సగం గొడవ వేడి ఎలా ఇవ్వాలన్నదే. ఇక్కడ మార్చి నెలాఖరుకు హీటర్ ప్లగ్గు పీకేయాల్సిందే. ఏప్రిల్ మధ్యాహ్నం బయట 42 ఉంటే లోపలి గదిలో 36, 37. గాలిలో తేమ పాతిక శాతం లోపు. గుడ్లకు 34 దాటి కొన్ని రోజులు నిలిస్తే పిల్లలకు వెన్ను వంకర్లు, ఉబ్బిన కళ్ళు. ఇంకా ఎక్కితే గుడ్డులోనే చావు. కాబట్టి వేడి లాగేయాలి. లాగేయడానికి మన చేతిలో ఉన్నవి కూలరు, ఫ్యాను. ఆ గాలే గుడ్లను ఎండగొడుతుంది. చల్లదనం లోపలికి రావాలి, గాలి మాత్రం రాకూడదు. ఆ పని చేయగల వస్తువు మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉంది. మంచినీళ్ళ కుండ.

తల్లి చేసేదేమిటో ముందు తెలిస్తే మిగతా ఏర్పాటు అర్థమవుతుంది. మన నల్లమల, శేషాచలం అడవుల కొండచిలువ పొదిగేటప్పుడు కండరాలు వణికించి ఒంట్లో వేడి పుట్టిస్తుంది. 1841లోనే పారిస్‌లో వలెన్సియెన్ అనే జంతుశాస్త్రవేత్త పొదుగు మీదున్న కొండచిలువ చుట్టలో వేడి కొలిచి చూశాడు. బాల్ పైథాన్‌కు ఆ విద్య లేదు. అది చుట్ట బిగించేది ముఖ్యంగా నీటి కోసం. ఫాబియన్ ఓబ్రే అనే పరిశోధకుడి బృందం 2005లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది కూడా అదే: తల్లి చుట్ట లేని గుడ్లు ఎండిపోతాయి, చుట్టలో ఉన్నవి నీరు నిలుపుకుంటాయి. అంటే తల్లి ఒక మూత. మూత కింద గుడ్లు, మూత బయట మనం.

పుట్టిన చోట, అంటే ఘానా, టోగో, బెనిన్ వైపు, ఈ పాములు ఎండాకాలం చివర్లో ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో గుడ్లు పెడతాయి. వానలు మొదలయ్యే వేళకు పిల్లలు. కాలం లెక్కన కడపకు దగ్గరే. తేడా బొరియది. నేల కింద మధ్యాహ్నం తెలియదు. సిమెంటు మిద్దె కింద గదికి మధ్యాహ్నం బాగా తెలుస్తుంది.

కాగితాల మాట ఒక్కసారి. బాల్ పైథాన్ సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. 2022 సవరణ తర్వాత మన వన్యప్రాణి చట్టం నాలుగో షెడ్యూలు కిందికి వచ్చింది. ఇంట్లో ఉన్నదాన్ని కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి, పుట్టిన పిల్లలనూ చూపాలి. మన కొండచిలువ మొదటి షెడ్యూలు జంతువు, దాన్ని ఇంట్లో పెట్టుకునే ప్రశ్నే లేదు.

ఫిబ్రవరి 13. గుడ్లకు ముందు కుబుసం

జనవరి 28న నడుం మధ్యలో కొబ్బరికాయ మింగినట్టు ఒక రోజంతా ఉబ్బు. అండాలు విడుదలైన గుర్తు అది. పదహారు రోజులకు ఈ కుబుసం. ఇక్కణ్ణుంచి గుడ్లకు 25 నుంచి 35 రోజులు, ఎక్కువగా 30 దగ్గర. గోలెం సిద్ధం చేసుకోవడానికి దొరికే గడువు ఇదే. గుడ్లు పెట్టాక పాత్ర మార్చడం కుదరదు.

గోలెం కొలతలు: మూతి 60 సెంటీమీటర్లు, లోపలి అడుగు 50, ఎత్తు 55, మందం రెండున్నర. లోపల రంగు, వార్నిష్, మెరుగు ఏదీ ఉండకూడదు. బయట కూడా వద్దు. పెయింటు కొట్టిన పూలకుండీ గోలేలు చూడ్డానికి బాగుంటాయి, రంధ్రాలు మూసుకుపోయి ఒక్క డిగ్రీ కూడా చల్లబడవు. కొనేటప్పుడు బయట ఒకచోట అరచేతితో నీళ్ళు రాసి చూడాలి; అరనిమిషంలో పీల్చేసుకుంటే పనికొస్తుంది.

గోలెంను నాలుగు సిమెంటు ఇటుకల మీద రెండంగుళాల కడప బండ వేసి, దాని మీద పెట్టాం. ఒక్కో ఇటుక ఒక్కో పళ్ళెంలో, పళ్ళెంలో సబ్బు నీళ్ళు. పచ్చళ్ళ జాడీల కింద పెట్టినట్టే, చీమల కోసం. తడి గోనె, చల్లటి నీడ ఉన్నచోటికి ఎండాకాలం చీమలు బారులు కట్టి వస్తాయి. గుడ్డు మీద పగులు పడిన రోజున ఆ బారు లోపలికి చేరితే పిల్లలు దక్కవు.

లోపల అడుగున నాలుగు సెంటీమీటర్ల కడిగిన ఏటి ఇసుక, అందులో అర లీటరు నీళ్ళు. దాని మీద చిల్లుల ప్లాస్టిక్ పళ్ళెం. పళ్ళెం మీద ఆరు సెంటీమీటర్ల కొబ్బరి పొట్టు. పిడికిలి బిగిస్తే ముద్ద కట్టాలి, చుక్క కారకూడదు. ఒక పక్క బరువైన సిరామిక్ నీళ్ళ గిన్నె. మూతగా 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, మధ్యలో పాతిక సెంటీమీటర్ల చదరపు కిటికీకి స్టీలు దోమల జాలీ, రెండు గొళ్ళేలు. గొళ్ళెం లేని మూత ఈ పాముకు లెక్కే కాదు, తలతో నెట్టుకుని వెళ్ళిపోతుంది.

వేడి కొలిచే సెన్సార్లు మూడు, డీఎస్18బీ20 రకం, అర డిగ్రీ తేడాతో నమ్మొచ్చు. ఒకటి గుడ్లు వస్తాయనుకున్న చోటుకు పక్కన, ఒకటి ఇసుకలో, ఒకటి గదిలో. తేమ మీటర్లు రెండు. వీటిని మాత్రం గుడ్డిగా నమ్మకూడదు. చెంచాడు ఉప్పులో నాలుగు చుక్కల నీళ్ళు కలిపి ముద్ద చేసి, చిన్న మూతలో పెట్టి, మీటరుతో పాటు జిప్ కవరులో పన్నెండు గంటలు ఉంచితే 75 చూపించాలి. ఒకటి 76 చూపింది. రెండోది 81. రెండోదాని మీద ఆరు తగ్గించి చదువుకోవాలని ప్లాస్టర్ అంటించి రాసి పెట్టాం.

మార్చి 10

తల్లి బరువు 2,240 గ్రాములు. మూడు రోజులుగా ఒక పక్కకు తిరగబడి, పొట్ట పైకి పెట్టి పడుకుంటోంది. కొత్తగా చూసేవాళ్ళు జబ్బనుకుంటారు. గుడ్లున్న పాముకు ఇది మామూలే. ఇక తాకడం లేదు.

రోజు 0. మార్చి 14

తెల్లవారుజామున కెమెరాలో చుట్ట ఆకారం మారింది. ఉదయానికి తేనెతుట్టెలా బిగుసుకున్న శంకు, కొనమీద తల. వెలుతురు వేసి చూస్తే మడతల మధ్య తెల్లగా నాలుగు గుడ్ల అంచులు. మొత్తం ఎన్నో ఇప్పుడే తెలియదు, తెలుసుకోవడానికి చేయి పెట్టకూడదు. మొదటి కొన్ని గంటల్లో గుడ్డు పెంకు జిగటగా ఉండి ఒకదానికొకటి అతుక్కుని ముద్దవుతాయి. ఆ ముద్ద విరిచితే పెంకు చిరుగుతుంది.

కోళ్ళు పొదిగించిన చేతులకు ఇక్కడ ఒక అలవాటు మానుకోవాల్సి వస్తుంది. కోడి రోజుకు ఎన్నోసార్లు గుడ్లు దొర్లిస్తుంది. దొర్లించకపోతే పిల్ల పెంకుకు అంటుకుపోతుంది. పాము గుడ్డు దీనికి పూర్తిగా ఎదురు. ఒకటి రెండు రోజుల్లో పిండం పైభాగాన అంటుకుంటుంది, ఆ తర్వాత గుడ్డు తిరగబడితే పచ్చసొన బరువు కింద నలిగి చస్తుంది. అందుకే అత్యవసరానికి గుడ్లు తీయాల్సివస్తే పైభాగాన పెన్సిల్‌తో గీత గీసి తీస్తారు. పెన్నూ మార్కరూ వద్దు, సిరా పెంకులోకి దిగుతుంది.

ఆ అత్యవసరానికి థర్మాకోల్ పెట్టె ఒకటి పక్క గదిలో తయారుగా ఉంది. వర్మిక్యులైట్ 400 గ్రాములు, నీళ్ళు 400 గ్రాములు, తూకంలో సరిసమానం. తల్లి చుట్ట వదిలి పన్నెండు గంటలు తిరిగి రాకపోతే గుడ్లు అందులోకి. ఇది ముందే రాసి పెట్టుకున్న గడువు. ఆ రోజు కూర్చుని ఆలోచిస్తే చేతులు వణుకుతాయి.

రోజు 5. మార్చి 19

మొదటి తప్పు మనదే. రాత్రిళ్ళు గది 25కు దిగుతోంది కాబట్టి గోలెం నడుం కింద 25 వాట్ల హీటింగ్ కేబుల్ మూడు చుట్లు చుట్టి, ఎస్‌టీసీ-1000 థర్మోస్టాట్‌కు కలిపాం. దాని ప్రోబ్, అంటే వేడి కొలిచే మొన, గోలెం బయటి గోడకు అంటించి ఉంది. మట్టి గోడకు వేడెక్కడానికీ, చల్లారడానికీ గంటల లెక్క. థర్మోస్టాట్ ఆపేసిన తర్వాత కూడా గోడలో దాచుకున్న వేడి లోపలికి వస్తూనే ఉంది. తెల్లవారి నాలుగింటికి గుడ్ల పక్కన 33.6. తల్లి చుట్ట పైమడత వదులు చేసి తల పక్కకు వాల్చింది.

ప్రోబ్‌ను లోపలికి, గుడ్ల ముద్దకు రెండు సెంటీమీటర్ల దూరానికి మార్చాం. థర్మోస్టాట్‌లో పెట్టిన వేడి 31, తేడా 0.3. రెండు రాత్రుల్లో ఊపు తగ్గింది: కనిష్ఠం 30.6, గరిష్ఠం 31.5.

రోజు 9. మార్చి 23

సాయంత్రం 7.40కి తల్లి చుట్ట విప్పి గిన్నె దగ్గరికి. నీళ్ళు తాగి 11 నిమిషాలకు వెనక్కి. ఆ 11 నిమిషాల కెమెరా బొమ్మలే గుడ్ల లెక్క చెప్పాయి: ఏడు. ఆరు తెల్లగా నిండుగా ఉన్నాయి. ఒకటి చిన్నది, పసుపు రంగు, మైనం పూసినట్టు. పొల్లు గుడ్డు. ముద్దలో అంచున అతుక్కుని ఉంది.

టార్చి వేసి నరాలు చూడాలన్న ఆశ అందరికీ ఉంటుంది. పెంకులోంచి గులాబీ వెలుగు, అందులో ఎర్రటి దారాలు కనిపిస్తే గుడ్డు బతికున్నట్టు. తల్లి పొదుగులో ఆ ముచ్చట మానుకోవాలి. చూసినంత మాత్రాన చేయగలిగింది ఏమీ లేదు, తల్లి బెదిరితే పోయేది చాలా ఉంది.

పొల్లు గుడ్డు కుళ్ళుతుంది, బూజు పడుతుంది. పక్క గుడ్డు బతికుంటే దాని పెంకు బూజును చాలావరకు ఆపుకుంటుంది. అసలు బెడద చిన్న ఈగలు, కుళ్ళు వాసనకు చేరి జాలీ కన్నాల్లోంచి దూరేవి. జాలీ మీద పాత మల్లు పంచె ముక్క ఒక పొర కట్టాం.

రోజు 14 నుంచి. తడి గోనె

మార్చి 28 మధ్యాహ్నం గది 33.5. గుడ్ల దగ్గర హీటర్ లేకుండానే 32.4. హీటర్ ప్లగ్గు తీసేశాం, కేబుల్ విప్పేశాం. తడి గోనె, కరెంటు కేబుల్ ఒకే గోడ మీద ఉండకూడదు.

గోలెం చుట్టూ గోనెపట్టా ఒక పొర, జనపనార తాడుతో బిగించి. పైన గోడకు కొట్టిన స్టాండు మీద 20 లీటర్ల మంచినీళ్ళ క్యాను. క్యాను అడుగున మూడు చిల్లులు, మూడింటిలో మందుల షాపులో దొరికే సెలైన్ సెట్ల మొనలు, చుట్టూ ఎం-సీల్. మూడు గొట్టాలూ గోలెం మూతి అంచు కింద మూడు వైపులా గోనెలోకి. తోటల్లో వాడే డ్రిప్పర్లు కూడా దొరుకుతాయి కానీ మామూలుగా దొరికే చిన్నది కూడా గంటకు రెండు లీటర్లు వదులుతుంది, నేలంతా మడుగే. సెలైన్ సెట్టుకు చక్రం తిప్పితే చుక్క లెక్క మన చేతిలో ఉంటుంది. మామూలు సెట్టులో 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. నిమిషానికి 40 చుక్కలంటే గంటకు 120 మిల్లీలీటర్లు. మూడు సెట్లు, ఉదయం తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా: రోజుకు 4.3 లీటర్లు. ఈ నీళ్ళన్నీ ఆవిరైపోతూ, లీటరుకు దాదాపు 2.4 మెగాజౌళ్ళ వేడి మోసుకుపోతాయి.

ఇందులో చిన్న చిన్న పేచీలు ఉన్నాయి. క్యాను మూత గట్టిగా బిగిస్తే లోపల గాలి చొరక చుక్క ఆగిపోతుంది, కాబట్టి మూత వదులుగా ఉండాలి. క్యాను ఖాళీ అయ్యేకొద్దీ చుక్క నెమ్మదిస్తుంది; పొద్దున 40 ఉన్నది సాయంత్రానికి 31. రెండు పూటలా గడియారం పెట్టి లెక్కించాలి. పెద్ద పేచీ బోరు నీళ్ళది. కడప బోరు నీళ్ళు పోస్తే పది రోజుల్లో గోనె అట్టకడుతుంది, గోలెం మీద తెల్లటి ఉప్పు పొర పడి రంధ్రాలు పూడుతాయి. మొదటి వారం బోరు నీళ్ళే పోసి చూస్తే ఎనిమిదో రోజుకు చల్లదనం ఒక డిగ్రీ పడిపోయింది. ఆర్వో నీళ్ళకు మారాక మళ్ళీ ఆ గొడవ రాలేదు.

టేబుల్ ఫ్యాను రెండు మీటర్ల దూరంలో, కనిష్ఠ వేగంలో, గోలెం నడుముకేసి. మూత వైపు కాదు. దాన్ని థర్మోస్టాట్ కూలింగ్ రిలేకు కలిపితే 31.5 దాటినప్పుడు తిరుగుతుంది, 31.2 దగ్గర ఆగుతుంది. గాలి గోనెను తాకుతుంది, గుడ్లను తాకదు.

మొదటి రెండు రాత్రులు చుక్క ఆపకుండా వదిలేస్తే తెల్లవారికి 28.4. ఒకటి రెండుసార్లకు గుడ్డుకేమీ కాదు, రోజూ అయితే పిల్లలు రావడం వారం పైనే వెనక్కి పోతుంది. అందుకే రాత్రి తొమ్మిదికి చక్రం మూసేయడం.

రోజు 23. ఏప్రిల్ 6

తల్లి నీళ్ళకు వచ్చినప్పటి బొమ్మలో రెండు గుడ్ల మీద వేలితో నొక్కినట్టు గుంటలు. చివరి రెండు వారాల్లో గుడ్లు గుంటలు పడటం సహజం, లోపల పిల్ల నీళ్ళు వాడేసుకుంటుంది. 23వ రోజున పడితే మాత్రం దాహం. మీటరు చూస్తే 58. గదిలో తేమ 22 శాతానికి పడిపోయింది, మూత మీది జాలీ ఆవిరినంతా పైకి వదిలేస్తోంది. తల్లి మూత ఎంత బిగించినా పైమూత తెరిచి ఉంటే అంతే.

జాలీలో మూడింట రెండు వంతులు ఆక్రిలిక్ ముక్కతో మూసి, అడుగు ఇసుకలోకి ముందే నిలబెట్టిన పైపు ద్వారా 300 మిల్లీలీటర్ల వేడి చేసి చల్లార్చిన నీళ్ళు పోశాం. ఆ పైపు గుడ్లు రాకముందే పెట్టుకోకపోయి ఉంటే తల్లిని కదిలించాల్సి వచ్చేది. పైనుంచి స్ప్రే కొట్టడం వద్దే వద్దు. గుడ్డు మీద నీటి చుక్క నిలిస్తే పెంకు రంధ్రాలు మూసుకుని లోపలి పిల్లకు గాలి ఆడదు. సాయంత్రానికి 79. నాలుగు రోజుల తర్వాతి బొమ్మలో ఒక గుంట పూడింది, రెండోది సగమైంది.

రోజు 35. ఏప్రిల్ 18

మధ్యాహ్నం 3.30. బయట 42, గది 36.8, గోనె బయట 27.5, గుడ్ల పక్కన 31.4, తేమ 80. రాయడానికి ఇంకేమీ లేదు. రోజు 24 నుంచి ఈ డైరీలో ఎక్కువ పేజీలు ఇలాగే ఉన్నాయి. తల్లికి ఎలుక పెట్టి చూడటం కూడా మానేశాం. పొదుగు మీద అది తినదు, ఎలుక వాసనకు చుట్ట విప్పడం తప్ప లాభం లేదు.

రోజు 41. ఏప్రిల్ 24

చుక్కలు నిమిషానికి 60కి పెంచాం, రాత్రి పదకొండు దాకా. రోజుకు ఏడున్నర లీటర్లు. ఈ పెంపుదలలోనే ఒక పొరపాటు జరిగింది. దాని సంగతి తెలిసింది రోజు 61న.

రోజు 52. మే 5

సాయంత్రం ఉరుములు, గాలి, పది నిమిషాల వాన, ఆపైన అయిదు గంటలు కరెంటు లేదు. పొదిగే గంపలో ఇనుప ముక్క, ఎండు మిరపకాయ వేస్తే ఉరుముకు గుడ్లు మురిగిపోవని మన పెద్దల నమ్మకం. ఇక్కడ ఉరుము చేసిన చెరుపు వేరు: గదిలో తేమ ఒక్కసారిగా 70కి ఎక్కింది, గోనె మీది నీళ్ళు ఆవిరవడం మానేశాయి. ఫ్యాను ఇన్వర్టర్ మీద తిరుగుతూనే ఉంది, తడి గాలి ఊదుతూ. గుడ్ల పక్కన 32.6. గట్టిగా గడ్డకట్టించిన లీటరు నీళ్ళ సీసాలు నాలుగు గోలెం చుట్టూ గోనె బయట ఆనించాం, లోపల కాదు. గంటన్నరలో 31.9. తడి కుండ పొడి గాలిలోనే పనిచేస్తుంది. కోస్తాలో ఈ ఏర్పాటు మొదటి రోజే చేతులెత్తేస్తుంది.

రోజు 58. మే 11

కృత్తిక కార్తె మొదలైన రోజు. ఉదయం ఆరింటికి తల్లి చుట్ట రోజూలా లేదు. పైరెండు మడతలు జారి, తల నేలకు ఆనింది. మడత కింద ఒక గుడ్డు మీద గంటు: సెంటీమీటరున్నర పొడవు, బ్లేడుతో గీసినంత నున్నగా. పిల్ల పైదవడ కొనమీద ఉండే చిన్న పన్ను గీసిన గీత అది. కొన్ని రోజుల్లో రాలిపోతుంది. గీత అంచున పల్చటి సొన బుడగ ఊరుతూ పగులుతూ ఉంది. కాసేపటికి బుడగ స్థానంలో ముక్కు కొన, గోధుమ రంగు, వడ్లగింజంత. అరగంటలో రెండుసార్లు వెనక్కి పోయి మళ్ళీ వచ్చింది.

ఇక్కడ చేయాల్సింది చేతులు కట్టుకోవడం. ముక్కు బయటపెట్టిన పిల్ల ఒకటి రెండు రోజులు గుడ్డులోనే ఉంటుంది. పొట్ట కింద మిగిలిన పచ్చసొనను లోపలికి పీల్చుకుంటూ, పెంకు నరాలను వదిలించుకుంటూ. జాలిపడి లాగితే బొడ్డు దగ్గర నరం తెగి రక్తం పోతుంది, సొన బయటే ఉండిపోతుంది. సాయంత్రానికి మూడు గుడ్లకు గంట్లు. తేమ 85కి పెంచాం, జాలీ పూర్తిగా మూసి రోజుకు రెండుసార్లు నిమిషంపాటు మూత ఎత్తి గాలి మార్చి.

రోజు 60. మే 13

అయిదు పిల్లలు బయట. తల్లి చుట్ట పూర్తిగా వదిలేసి గిన్నె పక్కన ఉంది.

రోజు 61. మే 14

ఆరో గుడ్డుకు గంటు పడలేదు. మొదటి గంటు పడి మూడు రోజులైంది కాబట్టి ఇక తెరవొచ్చు. చిన్న కత్తెరతో పైభాగాన, నరాలు లేనిచోట, గోరంత కిటికీ. పిల్ల పూర్తిగా తయారైంది, చారలన్నీ ఉన్నాయి, చనిపోయి ఉంది. గుడ్డు అడుగు మెత్తగా, నీళ్ళు తాగి ఉబ్బి ఉంది.

గోలెం ఖాళీ చేశాక కారణం దొరికింది. ఏప్రిల్ 24న చుక్కలు పెంచినప్పుడు మూడో గొట్టం గోనెలోంచి జారి, చుక్క నేరుగా మట్టి గోడ మీద ఒకేచోట పడుతోంది. గోనె పరచాల్సిన నీళ్ళు అరచేతి వెడల్పు చోటే గోడలోకి ఇంకి, లోపలి వైపు చెమర్చి, ఆ పక్క కొబ్బరి పొట్టును బురద చేశాయి. ఆరో గుడ్డు సరిగ్గా ఆ పక్కనే, ముద్దలో అట్టడుగున. లోపలి తేమ మీటరు ఎదురుగోడ మీద ఉంది, దానికి ఇదేమీ తెలియదు. వచ్చేసారికి రెండు మార్పులు: గొట్టాల కొసలు గోలెం మెడ చుట్టూ కట్టిన పాత నూలు పంచె పేటలోకి పోవాలి, అక్కణ్ణుంచి గోనెలోకి దిగాలి, పొట్టులో, గోడకు ఆనించి, నాలుగు దిక్కులా నాలుగు చెక్క పుల్లలు గుచ్చి వారానికోసారి లాగి తడి చూడాలి.

పొల్లు గుడ్డు ఎండి బెల్లపు ముక్కలా గట్టిపడి ఉంది. పక్క గుడ్డుకు ఏమీ కాలేదు.

బరువులు: పిల్లలు 61, 58, 57, 55, 49 గ్రాములు. తల్లి 1,360. నలభై తొమ్మిదిది గుంట పూడని గుడ్డు పిల్ల కావచ్చు, ఖాయంగా చెప్పలేం. అరవై రోజుల సగటు వేడి గుడ్ల దగ్గర 31.1.

తల్లికి గోరువెచ్చని నీళ్ళతో ఒళ్ళంతా కడిగి, కొత్త పెట్టె, కొత్త కాగితం. గుడ్ల వాసన ఒంటి మీద, పాత్రలో మిగిలితే ఇంకా పొదుగు మీదే ఉన్నట్టు చుట్టుకుని తిండి ముట్టదు. మొదటి మేత మామూలుగా తినేదానిలో సగం పరిమాణం ఎలుక, మే 19న పెడితే అయిదు నిమిషాల్లో పట్టింది.

మే 27

పిల్లలు ఒక్కోటి ఒక్కో అయిదు లీటర్ల డబ్బాలో, తడి టిష్యూ కాగితం, బోర్లించిన టీ కప్పు, మూత చుట్టూ ఆరు చిల్లులు. కుబుసాలు మే 22, 23, 24 తేదీల్లో. కుబుసం విడిచే వరకు మేత పెట్టలేదు. అప్పటిదాకా కడుపులో సొనే కూడు. ఈ రోజు పట్టకారుతో తోక పట్టి అందించినవి చిట్టెలుక పిల్లలు, ఒక్కోటి ఆరేడు గ్రాములవి. నాలుగు తిన్నాయి. 49 గ్రాములది బంతిలా చుట్టుకుని తల దాచేసింది. దానికి మళ్ళీ అయిదు రోజుల తర్వాత, రాత్రి దీపం ఆర్పాక.

నిన్నటికి ముందు రోజు రోహిణి కార్తె పడింది. గది మధ్యాహ్నం 38. గోలెం మిద్దె మీద బోర్లించి ఉంది, మూడో గొట్టం పడిన చోట గోడ మీద అరచేతంత నల్లటి మరక. రెండు రోజులు నీళ్ళలో నానబెట్టి కొబ్బరి పీచుతో తోమాలి. సబ్బు పెడితే మట్టి పీల్చుకుంటుంది.